కాశీపురమున క్రొత్తకాపురము

రాజమహేంద్రవరమునకు ఎగువను గోదావరీగర్భమున నిలిచియున్న పట్టిసాచలమునకు మహాశివరాత్రినాడు పోవు యాత్రికులు పడవ దిగి మెట్లెక్కుచు చెప్పుకొనెడి కథ యొకటి కలదు. దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన వీరభద్రుడు తన పట్టిసమను ఆయుధమును ఈ నదీజలములందు కడిగెననియు, అందువలననే ఈ క్షేత్రమునకు పట్టిసమను పేరు కలిగెననియు స్థలపురాణము. ఈ నదియే దిగువకు బోయి శాఖలుగా జీలిన సీమయందు దాక్షారామము కలదు. దక్షుడు యజ్ఞము చేసిన తావు అదియే యని ప్రతీతి. యజ్ఞవాటిక యొకచోటను, ఆయుధము కడిగిన రేవు మఱియొకచోటను ఉండగా, ఈ రెంటి నడుమ సాగు గోదావరి ఒక కాపురము చెడిన కథకు సాక్షిగా నున్నది. సతీదేవి పిలువని పేరంటమునకు పుట్టినింటికి బోయినది. అచ్చట పెనిమిటికి గలిగిన యవమానమును సహింపజాలక దేహమును విడిచినది. మన యేటి యొడ్డున నిలిచినది ఈ మొదటి కాపురపు కథ. ఆ దంపతులే రెండవమాఱు పెండ్లియాడి యిల్లు నిలుపుకొన్న కథ కాశీపురమునకు జెందినది. దానిని తెలుగున జెప్పిన కవి మాత్రము ఈ యొడ్డువాడే. రాజమహేంద్రవరపు రెడ్డిరాజులలో 15వ శతాబ్దపు పూర్వార్ధమున రాజ్యము చేసిన వీరభద్రారెడ్డికి శ్రీనాథుడు తన కాశీఖండమును అంకితము చేసెను.

ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము చిన్నది. క్రొత్తగా పెండ్లియైన ఆలుమగలు పుట్టినింటిని విడిచి యొక మహానగరమున వేఱుకాపురము పెట్టుట, ఆ యూరునకు అలవాటుపడుట, దానిని తమ యూరుగా జేసికొనుట అనునది నవలలతోను కథానికలతోను మనకు వచ్చిన క్రొత్త వస్తువని తోచుట సహజము. కాని ప్రాచీన వాఙ్మయమున ఇది లేకపోలేదనియు, ఉన్నచోట మిక్కిలి లోతుగా నున్నదనియు, దాని సారము శ్రీనాథుని వ్యాసభిక్షా ఘట్టమున ఇమిడియున్నదనియు నా మనవి.

మొదట ఈ వస్తువు లేదని తోచుటకు గల కారణమును చూతము. మన కావ్యములందు నగరములకు కొదవ లేదు. దండి కావ్యాదర్శమున వర్ణనీయములను పేర్కొనుచు నగరమునే మొదట నిలిపెను. ఆ మార్గమును బట్టి మన ప్రబంధకవులు కోటలను, అగడ్తలను, మేడలను, ఉద్యానములను, ఏనుగులను, గుఱ్ఱములను, నాలుగు వర్ణములవారిని, వారకాంతలను వరుస తప్పక వర్ణించిరి. ఆ వర్ణన చదివిన వానికి కోట యెంత యెత్తో తెలియును. ఆ కోటలోపల క్రొత్తగా వచ్చిన యిల్లాలు పొయ్యి యెక్కడ పెట్టుకొన్నదో తెలియదు. నగరము అచ్చట అలంకారమే గాని నివాసము గాదు.

క్రీడాభిరామము ఈ నియమమునకు కొంత వెలియైన గ్రంథము. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీధుల దిరుగుచు చూచిన దానినెల్ల ముచ్చటించుకొందురు. ఆ నగరమున జనుల సందడి కలదు, అంగళ్లు కలవు, ఆటపాటలు కలవు. అయినను ఆ మిత్రులిరువురును చూడవచ్చినవారే గాని ఉండవచ్చినవారు కారు. వారికి ఆకలియైనపుడు గతి పూటకూటిల్లు. రొక్కమిచ్చి అన్నము తినుట నగరమును చూచువాని లక్షణము; పిలిచి అన్నము పెట్టుట నగరమున నివసించువాని లక్షణము. ఈ భేదమును మనసున బెట్టుకొని శివపార్వతుల కథకు వత్తము.

కాళిదాసు కుమారసంభవమున 7వ సర్గయందు ఓషధిప్రస్థమున పార్వతీకల్యాణము జరిపించెను. 8వ సర్గయందు శివుడు నెలదినములు మామగారి యింటనే యుండెననియు, పిదప దేవితోగూడ మేరువు, మందరము, కైలాసము, మలయము, నందనము, గంధమాదనము అను తావుల విహరించెననియు జెప్పెను. ఆ సర్గ శృంగారమునకు నిధి. కాని అందు ఇల్లు లేదు. క్రొత్తదంపతులకు కొండలును వనములును చాలునని మహాకవి యెంచినట్లున్నది.

ఆ కొఱతను పురాణములు గుర్తించినవి. హరివంశమునను వాయుపురాణమునను దివోదాసుని వృత్తాంతమున ఒక చిన్న సంసారకథ కలదు. పెండ్లియైన శివుడు పార్వతి ప్రీతికై అత్తవారింటనే యుండెను. వెంట చిత్రవిచిత్ర రూపములు గల ప్రమథగణము. కూతురునకు అది ముచ్చట. తల్లియైన మేనకు అది తలవంపు. నీ పెనిమిటి ఆచారము లేనివాడు, ఎప్పుడును దరిద్రుడే, సిగ్గెఱుగనివాడు అని మేన కూతును ఎత్తిపొడిచినది. పార్వతి వెలవెలబోయిన మొగముతో మగనికడకు వచ్చి, ఇక నేనిచ్చట నుండను, నన్ను నీ యింటికి గొనిపొమ్మని యడిగినది. జగన్నాథునకు అప్పుడు ఇల్లు వెదకుకొనవలసివచ్చెను. ఆయన లోకములన్నియు కలయజూచి వారణాసిని కోరుకొనెను.

ఆ పురము అప్పటికి దివోదాసుడను రాజు చేతిలో నున్నది. శివుడు బలమును చూపక నికుంభుడను గణనాథుని పంపెను. అతడు పురద్వారమున పూజలందుకొనుచు అందఱకును వరములిచ్చి, సంతానము గోరిన రాణికి మాత్రము వరమీయక, రాజునకు కోపము పుట్టించెను. రాజు ఆ స్థానమును పాడుచేయగా నికుంభుడు పురము శూన్యమగుగాక యని శపించెను. అట్లు శూన్యమైన పురమున శివుడు గృహము నిర్మించి దేవిని తెచ్చెను. కథ ఇచ్చట ముగియవలసినది. ముగియలేదు. దేవికి ఆ యింట మనసు నిలువలేదు. నేనిచ్చట ఉండనని ఆమె మరల జెప్పినది. శివుడు ఈమాఱు కదలలేదు. ఈ యింటిని నేను విడువను, అవిముక్తమే నా యిల్లు అని పలికెను. కాశికి అవిముక్తమను పేరు కలుగుటకు కారణమైన సంభాషణము ఆలుమగల నడుమ ఇంటిని గూర్చి పుట్టిన యొక చిన్న వివాదము.

దేవికి ఆ యిల్లు ఎందులకు నచ్చలేదో పురాణము విస్తరించి చెప్పదు. ఇంటికి గొనిపొమ్మని కోరినదియు ఆమెయే, తెచ్చిన యింట సుఖపడనిదియు ఆమెయే. దీనిని స్త్రీచాపల్యమని త్రోసివేయుట సులభము. కాని కథాక్రమమును శ్రద్ధతో జూచిన వేఱొక కారణము పొడకట్టును. ఆమెకు లభించినది యిల్లేగాని యూరు కాదు. పుట్టినింట మాటలనుట కైనను తల్లి యుండెను. ఇచ్చట పొరుగు లేదు, పిలుపు లేదు, వాకిట నిలిచి యడుగువాడు లేడు. తమ కాపురము కొఱకు ఖాళీ చేయబడిన పురమున ఎంత గొప్ప మేడయైనను గృహిణికి అది అరణ్యమే. మగనికి ఇల్లు స్థానము. అది దొరికిన చాలును. ఆలికి ఇల్లు వ్యవహారము, అది నడువవలెను. ఈ రెండు దృష్టుల భేదమే ఆ వివాదమునకు మూలమని నేననుకొందును.

కాశీఖండమునకు వచ్చునప్పటికి కథాక్రమము మాఱినది. అందు దివోదాసుడు బ్రహ్మ ప్రార్థనమున రాజ్యమును స్వీకరించుటయు, శివుడు కాశిని విడిచి మందరమున నుండి ఆ పురమునకై విరహియగుటయు కలవు. అతడు పంపిన 64 యోగినులును, సూర్యుడును, బ్రహ్మయు, గణములును రాజును వెడలించుటకు వచ్చి, పనికాక, ఆ యూరి సొబగునకు లోబడి అచ్చటనే నిలిచిపోయిరి. రాయబారులై వచ్చినవారెల్ల నివాసులైరి. మహానగరము స్వభావమును ఇంతకంటె చక్కగా జెప్పుట కష్టము. ఈ రెండు పురాణకథలను కలిపి యొక్క చరిత్రగా అల్లుట నా యుద్దేశము గాదు. రెండిటియందును నవదంపతుల పురవాసము ఏయే ముఖములతో గానవచ్చుచున్నదో పోల్చుటయే నా పని. మొదటి కథలో పురము శూన్యము, గృహిణి అసంతుష్ట. రెండవ గ్రంథమున పురము నిండినది, గృహిణి యేమైనది? దానికి సమాధానము శ్రీనాథుని కాశీఖండము 7వ ఆశ్వాసమున కలదు. ఈ వ్యాసవృత్తాంతమునే ఆయన భీమేశ్వరపురాణమునను చెప్పియుండెను.

కథ అందఱకును తెలిసినదే. శిష్యులతో కాశియందున్న వ్యాసుని మనసు పరీక్షింపదలచి విశ్వనాథుడు ఆయనకు భిక్ష దొరకకుండ జేసెను. శ్రీనాథుడు కాశీపురపు ఇల్లాండ్రు అతిథిని ఆదరించు తీరును మొదట సవిస్తరముగా జూపెను. వాకిట గోమయముతో అలికి ముగ్గు పెట్టుట, అతిథికి పూలతో నక్షతలతో పూజ చేయుట, భక్తితో అన్నము వడ్డించుట మొదలైన వన్నియు అందు కలవు. తరువాత ఆ వాకిళ్ల ముందే వ్యాసుని వట్టిచేతులతో నిలిపెను. ఒక యిల్లాలు వంట కాలేదనును. ఒకతె మరల రమ్మనును. ఒకతె నేడు దేవకార్యమనును. ఒకతె తలుపే తెఱవదు. ఈ నాలుగు మాటలలో మహానగరమున క్రొత్తవానికి గలిగెడి అనుభవమంతయు ఉన్నది. ఎవరును తిట్టలేదు, ఎవరును తఱుమలేదు. ప్రతి యింటికిని సరియైన కారణమే యున్నది. అయినను ఊరు మూతపడినది. ఇదియంతయు శివుని మాయయని కవి చెప్పినను, అట్టి మాయ నగరములందు శివునితో పనిలేకయే నడచుచుండుట లోకమెఱిగిన విషయము.

ఆకలిగొన్న వ్యాసుడు కాశివారికి ధనము, విద్య, మోక్షము లేకుండుగాక యని శపింపబూనెను. అప్పుడు ఒక యింటి వాకిట పెద్దముత్తైదువ యొకతె కానవచ్చి ఆయనను పిలిచినది. ఇదియే ఈ వ్యాసమునకు కీలకమైన స్థలము. శూన్యపురమున ఉండనన్న పార్వతి నిండిన పురమున సామాన్య గృహిణి రూపమున గడపయొద్ద నిలిచినది. ఆమె మొదట వ్యాసుని మందలించును. గుప్పెడు గింజలతోను కందమూలములతోను తృప్తిపడు మునులు ఈ యూర లేరా యని యడుగును. ఉన్న ఊరును కన్నతల్లిని ఒక్కటిగా జూచు లోకోక్తిని తెచ్చి, అందులోను ఈ కాశి శివునకు అర్ధాంగి వంటిదే, దీనిపై కోపము తగునా యని ప్రశ్నించును.

ఈ మాట ఎవరి నోట వచ్చినదో గమనింపవలెను. శివుని అర్ధాంగి తానే. ఆమెయే పురమును శివుని అర్ధాంగియని చెప్పుచున్నది. సవతి యనవలసిన చోట తాననుకొన్నది. హరివంశకథలో మగడు ఇంటిని విడువనన్నపుడు ఆ యిల్లు ఆమెకు పోటీగా నిలిచెను. ఇచ్చట ఆ పోటీ తీఱిపోయినది. ఊరును తానును వేఱు కానంతగా ఆమె అందు కలిసినది. క్రొత్త నగరమున కాపురము స్థిరపడినదనుటకు ఇంతకు మించిన గుర్తు లేదు. ఆ యూరిని పరుడెవడైన నిందించినపుడు తన్ను నిందించినట్లు నొచ్చుకొనువాడే ఆ యూరివాడు.

మందలించిన పిదప ఆమె భోజనమునకు రమ్మనెను. శిష్యులు లేక తాను భుజింపననియు, వారందఱతో వచ్చుట యెట్లనియు వ్యాసుడు సంకోచించెను. ఎందఱు వచ్చినను విశ్వనాథుని దయవలన పెట్టగలనని ఆమె చెప్పినది. పెట్టునది తాను, దయ మగనిది. వ్యాసునకు ఆ పేరు ఊరి దేవునిది. ఆమెకు అది పెనిమిటిది. నిండుకాపురమున వచ్చిన చుట్టముతో ఇల్లాలు పలుకు మాటతీరు ఇదియే. శ్రీనాథుడు జగన్మాతను దింపి గృహిణిని చేయలేదు; గృహిణిని ఎత్తి జగన్మాతను చేసెను.

ఇక ఈ ఘట్టమును పట్టిసాచలమునుండి చూడవలసియున్నది. దక్షుడు సకలదేవతలను పిలిచి అల్లుని పిలువలేదు. ఆ పిలువకపోవుటయే యజ్ఞమును, కూతును, కాపురమును గూడ నాశనము చేసినది. సతి పిలువకయే పోయి భంగపడినది. అట్టి సతియే పార్వతియై తనకొక యిల్లు ఏర్పడినపుడు చేసిన పని, ఊరంతయు పిలువని వానిని తాను పిలుచుట. తండ్రి యింట జరిగిన తప్పునకు కూతురు తన యింట చేసికొన్న దిద్దుబాటుగా ఈ భిక్షాఘట్టమును చదువవచ్చును. ఇట్లు చదివినచో పుట్టినిల్లు, శూన్యమైన క్రొత్తయిల్లు, నిండిన క్రొత్తయిల్లు అను మూడు మెట్లును ఒక్క సూత్రమున గుదురును. ఆ సూత్రము పిలుపు.

అయితే కథ భోజనముతో ముగియలేదు. వ్యాసుడును శిష్యులును తృప్తిగా భుజించిన పిమ్మట శివుడు ప్రత్యక్షమై, కాశిని శపింపబూనిన వాడవు, ఈ పురమున నీకు తావు లేదు, పొమ్మనెను. ఇల్లాలు పిలిచిన అతిథిని ఇంటియజమానుడు వెడలగొట్టుట విన్నవారికి కష్టముగనే యుండును. దక్షుని దోషమే శివుని యింట మరల తల యెత్తినదా యని సందేహము కలుగును. శ్రీనాథుడు ఈ చిక్కును దాచలేదు. దానిని క్రమముతో సవరించెను. మొదట అన్నము, తరువాత తీర్పు. ఆకలితో నున్న వానిని శివుడు దండింపలేదు. ఊరిని కాచుట యజమానుని ధర్మము, ఆకలి తీర్చుట గృహిణి ధర్మము. రెండును ఒక్క గడపపై ఎదురుపడినపుడు రెండవది ముందు నడచినది. పిదప దేవి కనికరించి, భీమేశ్వరపురాణమున, దాక్షారామమునకు బొమ్మని వ్యాసునకు దారి చూపినది. ఏ తావున తన పెనిమిటికి పిలుపు లేకపోయెనో ఆ తావునకే, తన పెనిమిటి వెడలగొట్టిన వానిని ఆమె ఆశ్రయమునకై పంపినది. కాశియందు పుట్టిన వివాదము గోదావరియొడ్డున శాంతించినది. దాక్షారామమునకు దిగువను పట్టిసమునకు ఎగువను తిరిగిన తెలుగుకవికి ఈ ముగింపు వట్టి క్షేత్రమాహాత్మ్యముగ మాత్రమే తోచియుండదు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు పుట్టవచ్చును. జగన్మాతాపితరుల లీలను లౌకిక సంసారముతో కొలుచుట తగునా యని మొదటిది. కొలత నాది కాదు, పురాణములదే. అత్తగారి యెత్తిపొడుపును, ఇల్లు వెదకుటను, ఇల్లాలి అసంతుష్టిని చెప్పిన పౌరాణికుడు లోకమునుండియే వానిని తీసికొనెను. వ్యాసునకు గృహిణి పిలుపు వచ్చుట సంస్కృత కాశీఖండముననే యుండగా దానిని శ్రీనాథుని ఘనతగా జెప్పుట యెట్లని రెండవది. కథ సంస్కృతముదే. కాని దానిని తెలుగిల్లాలి నోట తెలుగు లోకోక్తితో పలికించి, మన వాకిళ్లలో వినబడు సాకులవలె ఆ సాకులను వినిపించి, రెండు గ్రంథములందు రెండుమాఱులు చెప్పుట ఆయనది. అనువాదకుడు ఏది రెండుమాఱులు చెప్పునో అది ఆయన హృదయమునకు నచ్చినదని తలచుట తప్పు గాదు.

ఈ చిత్రము తరువాతి వారి మనసులందు నిలిచినది. 16వ శతాబ్దమున పెద్దన మనుచరిత్రమున అరుణాస్పదపురమును వర్ణించుచు, ప్రవరుని యిల్లాలు వేయిమంది వచ్చినను వండుటకు విసుగనిదనియు, అన్నపూర్ణకు జతయైనదనియు జెప్పెను. నగరవర్ణనమను పాతచట్రమున ఒక వంటిల్లు చోటుచేసికొన్నది. ఉపమానము ఊరకే రాలేదు. నగరమున గృహిణి యనగా అన్నపూర్ణయను భావము అప్పటికి తెలుగువారికి సిద్ధమై యుండెను.

ఆధునికులలో ఒకరిద్దఱిని మాత్రము సూచింతును. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910లో ఆంధ్రభారతియందు వెలువడినది. ప్రొద్దుపోయి యింటికి వచ్చిన మగనికి ఇల్లాలు కానరాదు, పుట్టినింటికి బోయితినను జాబు కానవచ్చును, అతడు పశ్చాత్తాపపడును, ఆమె మంచము క్రిందనే యుండి నవ్వును. పుట్టినింటికి బోవుట సతి కథలో వినాశము. ఇచ్చట పోయినట్లు నటించుటయే ఔషధము. వేఱుకాపురమున ఆలికి గల బలము, పోగలిగియుండి పోకుండుట యని గురజాడ కనిపెట్టెను. 1934లో వేయిపడగలతోగూడ ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమానమును పొందిన అడివి బాపిరాజుగారి నారాయణరావునందు కొత్తపేటవాడైన నాయకునకును జమీందారు బిడ్డయైన శారదకును నడుమనున్న దూరము మెట్లు తగ్గునో అదియే ప్రధానవస్తువు. పుట్టినింటి గొప్ప తలకెక్కిన కూతురు అనగా మేన మాటలు మఱవని పార్వతియే. పాత్రలును ఊళ్లును మాఱినను ప్రశ్న మాఱలేదు.

పదవ తరగతి తెలుగు వాచకములందు ఈ ఘట్టము భిక్ష యను పేర చేరినది. కోపము తపస్సునకు చేటను నీతిని దీనినుండి తీయుట సులభము, అది తప్పును గాదు. కాని ఆ నీతి వ్యాసునివైపునుండి చూచినది. గడపవైపునుండి చూచినచో వేఱొక నీతి కలదు. నేడు గోదావరి రెండు గట్లనుండి హైదరాబాదునకును చెన్నైకిని బెంగుళూరునకును బోయి కాపురము పెట్టు దంపతులు ఎందఱో కలరు. వారికి ఇల్లు దొరకుట ఒక యెత్తు, ఊరు దొరకుట మఱియొక యెత్తు. మన తరగతులలో కూర్చున్న పిల్లలలో పెక్కుమంది రేపు అట్లు పోవలసినవారే. వాకిట నిలిచిన వానిని చూచి వంట కాలేదని చెప్పు నాలుగిండ్లలో తమ యిల్లు ఒకటి యగునో, పిలిచిన యిల్లగునో వారు తేల్చుకొనవలసియుండును. పాఠము చెప్పు పండితులు వ్యాసుని కోపముతోబాటు ఆ ముత్తైదువ పిలుపును గూడ విద్యార్థుల చెవిని వేయుదురుగాక.